వంకాయ రంగు సీసా

లైట్ల గది, నేలమాళిగ
వేసవి మొదట్లో

వదినా,

పార్శిల్ విప్పే ముందు ఈ ఉత్తరం చదువు. నీ సంగతి నాకు తెలియదా, ముందు డబ్బా చింపుతావు, ఆనక కాగితమేదని ఇల్లంతా వెతుకుతావు. డబ్బాలో ఉన్నది నా ప్రాణం. నిలబెట్టి ఉంచు.

ముందటేడు చలికాలంలో డిపో దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. బస్సులు కడిగిన నీళ్ళు చేరే గుంట ఒకటుంది అక్కడ, గోడ వారగా. అంచున నీళ్ళు వంకాయ రంగులో ఉన్నాయి. ఎవరో పెయింటు పారబోశారని అందరూ తప్పుకుని పోతున్నారు. నేను మాత్రం దగ్గరికి పోయాను. అన్నం డబ్బా ఖాళీ చేసి అందులో ముంచాను. పక్కన నిలబడ్డ పెద్దావిడ నన్ను చూసి తన మనవరాల్ని దగ్గరికి లాక్కుంది. అప్పట్నుంచీ వాటిని పెంచుతున్నాను. గాలి చొరకుండా మూత దాకా నింపిన సీసాలు, పక్కన బల్బు, అంతే. ఆకుల్లాగా వెలుతురుతో బతికే బాక్టీరియా, వదినా. కాకపోతే పచ్చగా ఉండవు, ఊదాగా ఉంటాయి.

ఇక అసలు గొడవ. మా ప్రొఫెసర్ (వెనకాల అందరం పెద్దాయన అంటాం) ఇదే గదిలో ముప్ఫై ఏళ్ళుగా ఒక ఊదా బాక్టీరియాని సాకుతున్నాడు. మైక్రోస్కోపులో నావీ ఆయనవీ అచ్చు గుద్దినట్టుంటాయి. "గుంటా లేదు, నీ బొందా లేదు. మా పాతదే నీ సీసాలోకి దూకింది" అంటాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అది నిజంగా కల్తీ అని తేలితే నా సీసాలన్నీ ఆటోక్లేవ్‌లో పెట్టి ఉడికించెయ్యాలి. ఏడాదిన్నర పని నీళ్ళలో పోసినట్టే. నేను మీడియా గదిలో మిగతావాళ్ళ బాక్టీరియాకి తిండి వండుతూ గరిటె తిప్పుకుంటూ కూర్చోవాలి. చివరికి ఒక్క మాటకి ఒప్పుకున్నాడు: మీ వదిన సంస్థలో పరీక్ష చేయించు, కుందేళ్ళ తీర్పుకి కట్టుబడతాను అన్నాడు. అసలు కుందేళ్ళకి నాలుగు కాళ్ళూ ఉన్న చోటు అదే కదా.

ఈ ముక్క అన్నయ్యకి చదివి వినిపించు, లేకపోతే గడియారం విప్పుతూ "ఏంటిట, ఏంటిట" అని నిన్ను చంపేస్తాడు. అన్నయ్యా, ఈ బాక్టీరియాకి ఒంటి మీద కోటు ఉంటుంది. దాని పేరు లిపోపాలీశాకరైడు. పేరు చూసి జడుసుకోకు, లోపలి వైపు కొవ్వు, బయటి వైపు చక్కెరల గొలుసు, అంతే. కొవ్వుతో ఒంటికి అతుక్కుని ఉంటుంది, గొలుసు బయటికి వేలాడుతూ ఉంటుంది. గొలుసులో ఏ చక్కెర పక్కన ఏ చక్కెర ఉందనేది జాతికో తీరు. కుందేలుకి ఎక్కిస్తే దాని రక్తం ఆ గొలుసుని గుర్తుపెట్టుకుంటుంది. మీ ఆవిడ ఆ రక్తంలోంచి సీరం తీసి, ఇది ఆ కోటేనా అని అడుగుతుంది.

డబ్బాలో బతికున్నవి నాలుగు సీసాలు. "గుంట" అని రాసినవి నావి, "పాత" అని రాసినవి ఆయనవి. చిన్న గొట్టాల్లో ఉన్నవి కోటు సారాలు. మామూలు పద్ధతే: బాక్టీరియాకి వేడి ఫినాలు, నీళ్ళు కలిపి కుదిపి తేర్చాను, కోటు పైనున్న నీళ్ళ పొరలోకి వస్తుంది కాబట్టి అది తీసుకున్నాను, అడుగు ఫినాలు పారబోశాను.

నాలుగేళ్ళు ఒకే బల్ల మీద చదువుకున్నాం. నువ్వు మా అన్నయ్యని చేసుకుని వదినవైపోయావు గానీ, నాకు ఇప్పటికీ చూచిరాతలో సాయం నువ్వే.

నీ మరదలు

*

కుందేళ్ళ గది పక్కన, పై అంతస్తు
వారం తర్వాత

ఆడపడుచు గారి సముఖానికి,

ముందు డబ్బానే చింపాను. కాగితం అడుగున దొరికింది.

చూచిరాత మాట ఇంకెక్కడా అనకు. నా దగ్గర చూసి రాసి నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మనిషివి.

పని మొదలైంది. నువ్వు రాసిచ్చిన ప్రకారం ఈస్ట్ సారం కలిపిన మీడియాలో రెండు జాతుల్నీ పెంచి, వేడికి చంపి, కుందేళ్ళకి చెవి నరంలో ఎక్కించాను. నీ గుంటది తెల్లదానికి, పెద్దాయనది బూడిద రంగుదానికి. ఇక్కడొక విశేషం. పేగుల్లో ఉండే బాక్టీరియా కోటు ఇంతలో నాలుగో వంతు ఎక్కించినా కుందేలుకి ఒళ్ళు కాలిపోతుంది, మూలకి పోయి ముడుచుకుంటుంది. నీవి ఎక్కించాక ఒళ్ళు వెచ్చబడను కూడా లేదు. రెండూ ఒకే క్యారెట్ కోసం కలబడ్డాయి. కోటు లోపలి కొవ్వు ముక్కలో ఏదో తేడా ఉంది, అదీ మనకి పనికొచ్చే తేడా. జ్వరం తెప్పించని కోటు! మా సెక్షన్ అంతా వచ్చి థర్మామీటరు చూసి వెళ్ళారు. నాకైతే ఆ రోజు అన్నం సయించలేదు, సంతోషానికే.

మీ అన్నయ్యకి కోటు సంగతి చదివి వినిపించాను. "అయితే దర్జీ పని అన్నమాట" అన్నారు. తర్వాత సీసా ఒకటి పట్టుకుని దీపం ముందు తిప్పి తిప్పి చూసి, "దీన్ని నా బల్ల మీద పెట్టుకుంటా, రంగు బాగుంది" అన్నారు. గడియారాల షాపా, పురుగుల షాపా అని కసిరాను. కుదరదన్నానని నీకు రాయమన్నారు. రాశాను.

రక్తం తయారవ్వాలంటే రెండు నెలలు పడుతుంది. ఈలోగా ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి నా ప్రాణం తియ్యకు.

వదిన

*

లైట్ల గది
వానలు పడుతున్నాయి

వదినా,

వద్దన్నావు కాబట్టి రాస్తున్నాను.

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. ఊరికే కూర్చోలేక గుంటదాన్ని, పాతదాన్ని, సారం తియ్యకుండా ఉన్నవి ఉన్నట్టే యాసిడ్‌లో కాచాను. గొలుసులన్నీ తెగి చక్కెరలు విడివిడిగా వచ్చాయి. ఒక్కో బొట్టు కాగితం అడుగున పెట్టి ద్రావకంలో నిలబెట్టాను. తెల్లారేసరికి చక్కెరలు పైకి పాకి, దేని చోట అది ఆగింది. మందు చల్లి వేడి చేశాను. పాతదాంట్లో నాకు తెలిసిన చుక్కలే. గుంటదాంట్లో అవి ఉన్నాయి, వాటికి చాలా పైన, కాగితం చివరికి చేరబోతూ, ఇంకో చుక్క ఉంది! మామూలు చక్కెర ఏదీ అంత దూరం పరుగెత్తదు, వదినా. మెథిల్ తోక తగిలించుకున్న చక్కెర అయ్యుండాలి. తోకలున్న చక్కెరలకి నీళ్ళంటే పడదు, అందుకే నీళ్ళని వదిలి ద్రావకంతో పైకి పోతాయి.

మెట్లు ఒక్కటి వదిలి ఒకటి ఎక్కి పెద్దాయన గదికి పరుగెత్తాను. ఆయన కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. "మరి కోటు సారంలో ఈ చుక్క ఉందా?" అన్నాడు. చూడలేదన్నాను. "చూసి రా."

చూశాను. లేదు. మళ్ళీ చేశాను. లేదు. కోటులో లేకపోతే కోటుది కాదు కదా, ఎక్కణ్ణించో పడ్డ మురికి అయ్యుండాలి. "పొద్దున తలకి నూనె రాసుకుని వచ్చావా?" అన్నాడు పెద్దాయన. రాసుకున్న మాట నిజమే. గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పడేశాను.

అయినా మనసు ఊరుకోవడం లేదు. నీ కుందేళ్ళ పరీక్షలో గీతలేమన్నా వచ్చాయా? ఒక్క ముక్క రాయవా?

నీ మరదలు

*

పై అంతస్తు
వానాకాలం మధ్యలో

చిట్టీ,

ఆలస్యమైంది. ఒకటికి మూడుసార్లు చూసుకుందామని ఆగాను.

గాజు పలక మీద జెల్ పోసి, గుంటలు తవ్వి, మధ్య గుంటలో రెండు కుందేళ్ళ సీరమూ కలిపి పోశాను. ఒక పక్క గుంటలో నీ సారం, ఇంకో పక్క పెద్దాయనది. సీరమూ సారమూ ఎదురెదురుగా నడిచి కలుసుకున్న చోట తెల్ల గీత పడుతుందని నీకు తెలుసు. రెండూ వేరైతే రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుపోతాయి. ఒకటే అయితే కలిసిపోయి ఒకే వంపు తిరుగుతాయి.

కలిసిపోయాయి. మూడు పలకల్లోనూ అంతే.

రిపోర్టు మీద సంతకం పెట్టి మీ పెద్దాయనకి పంపాను. అది చేరేలోగా ఇది నీకు అందాలని వేరే టపాలో వేస్తున్నాను. నిన్ను ఓదార్చడం నాకు చేతకాదు, నీకూ అది నచ్చదు. నాలుగు రోజులు సెలవు పెట్టి రమ్మని మీ అన్నయ్య అంటున్నారు. నేనూ అంటున్నాను.

వదిన

*

ఇంటి నుంచి
సోమవారం

వదినా,

నీ ఉత్తరం, నీ రిపోర్టు ఒకే రోజు చేతికొచ్చాయి. పెద్దాయన ఎగతాళి చెయ్యలేదు. చేస్తే బాగుండేది, పోట్లాడేదాన్ని. "ఇంక తీసెయ్యమ్మా" అన్నాడు మెల్లగా.

నువ్వు కాదన్నావంటే కాదు. నీ మాట మీద నాకు ఎప్పుడూ రెండో మాట లేదు. ఇవాళ పొద్దున గుంట అని రాసిన సీసాలన్నీ బుట్టల్లో సర్ది ఆటోక్లేవ్‌లో పెట్టి, మూత బిగించి, మీట నేనే నొక్కాను. ఎవరో చెయ్యబోతే చెయ్యనివ్వలేదు. తీసి చూస్తే రంగంతా పోయి బురద నీళ్ళలా ఉన్నాయి. అక్కడ ఏడవలేదు. గుమ్మం దాటాక ఏడ్చాను, బస్సులో కూడా ఏడ్చాను. కండక్టరు టిక్కెట్టు అడగకుండా వెళ్ళిపోయాడు.

రేపట్నుంచి మీడియా గదిలో పని. ఇప్పుడే రాలేను. కొంచెం ఆగి వస్తాను.

నీ మరదలు

*

పై అంతస్తు
సోమవారం, మధ్యాహ్నం

ఒసే,

ఏమీ చెయ్యకు. సీసాల జోలికి ఎవర్నీ పోనివ్వకు. అడ్డంగా పడుకో, కావాలంటే నేను చెప్పానని చెప్పు. వివరం తర్వాత, ముందు ఆ సీసాల దగ్గరికి పో.

పోయి వచ్చావా? ఇప్పుడు విను. నీకు ఒకటి చెప్పలేదు. పలకల్లో కలిసిపోయిన గీత కాకుండా, పెద్దాయన సారం గుంటకి దగ్గరగా, ఆ ఒక్క వైపే, ఇంకో సన్న గీత ఉంది. ఉందా లేదా అన్నట్టుంది. ఒక పలకలో సరిగా కనపడనే లేదు. ఉప్పు మరక అనుకుని వదిలేశాను. ఇంత ఏడుపు ఉత్తరంలో దాని ఊసెందుకని రాయలేదు. సంతకం పెట్టాను గానీ, ఆ గీత కంట్లో నలుసులా కూర్చుంది. రెండూ ఒకటే అయితే ఒక వైపే ఎందుకుంటుంది?

మొన్న కొత్త పలక పోశాను. ఈసారి మూడో గుంట ఒకటి తవ్వి, అందులో ఉత్తి మీడియా పోశాను. బాక్టీరియా ముక్క కూడా లేని, అవి తినే తిండి మాత్రమే. ఇవాళ చూస్తే దానికీ గీత వచ్చింది! వచ్చి, మీ రెండింటి గీతతో చక్కగా కలిసిపోయింది.

ఈస్ట్, చిట్టీ. మనం మీడియాలో కలిపిన ఈస్ట్ సారం. అందులోనూ ఒక చక్కెరల గొలుసుంది. బాక్టీరియాతో పాటు అదీ కుందేలుకెక్కింది, అదీ నీ సారంలోకి వచ్చింది. నేను చూసింది కోట్లని కాదు. ఇద్దరి మీదా ఒకే టీ ఒలికితే, మరక చూసి ఇద్దరూ ఒకే మనిషి అని రాసిచ్చాను. ఆ సన్న గీతే పెద్దాయనదాని అసలు కోటు. మరి నీదాని కోటు గీత ఏది? నీ సారంలో అసలు కోటే ఉన్నట్టు లేదు. అదెలాగో నువ్వే చెప్పాలి, కెమిస్ట్రీ నీది.

సీసాలు జాగ్రత్త.

వదిన

*

మీడియా గది
బుధవారం

వదినా,

మన ఉత్తరాలు దారిలో ఎదురయ్యుంటాయి. నువ్వు అది రాసేసరికే నేను మీట నొక్కేశాను. ఒక్కటి కూడా మిగల్లేదు.

నిన్ను కొట్టాలనుంది. పక్కనుంటే ముద్దు కూడా పెట్టుకునేదాన్ని. రెండూ నిజమే.

ఎందుకంటే నాకు అర్థమైపోయింది! "నీ సారంలో కోటే లేదు" అన్నావు చూడు, అది చదువుతూ చేతిలో గరిటె వదిలేశాను. మీడియా అంతా పొంగి పొయ్యి మీద పడింది. తోకలున్న చక్కెర. నీళ్ళంటే పడని చక్కెర. దాన్ని నేను నీళ్ళ పొరలో వెతుకుతున్నాను. అదెందుకుంటుంది అక్కడ? అడుగున ఫినాలులోకి పోయుంటుంది! ప్రతిసారీ కోటుని నా చేత్తో పారబోసి, మరకని భద్రంగా సీసాకెత్తి నీకు పంపాను. కోటు నీళ్ళలోకి వస్తుందని చదువుకున్నాం, అందరి కోట్లూ వస్తాయి, నాది రాదు. రాకపోవడమే దాని గుణం. ఆ చుక్క నా తలనూనె కాదు, వదినా.

అన్నీ అర్థమయ్యాయి, చేతిలో మాత్రం ఏమీ లేదు. సెలవు చీటీ పడేసి డిపోకి పరుగెత్తాను. గుంట పూడ్చి సిమెంటు చేశారు, కొత్త బస్సులు నిలబెట్టడానికి. గోడ చుట్టూ తిరిగాను, తూములో చూశాను, పెద్ద చెరువులాంటి మురుగు కాలవ దాకా నడిచాను. ఊదా రంగు ఎక్కడా లేదు. నీ దగ్గర పెంచినవి ఉన్నాయి కదా? ఒక్క చుక్క చాలు. ఉన్నాయని రాయి.

నీ మరదలు

*

ఇంటి నుంచి
శనివారం

చిట్టీ,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వు. తర్వాత చొక్కా లోపలి జేబులో ఏముందో అడుగు.

నీ ఉత్తరం చదివి నేను సంస్థకి పరుగెత్తాను. మా దగ్గర రిపోర్టు మీద సంతకం పడ్డాక బయటి నుంచి వచ్చినవి ఏవీ ఉంచరు, అన్నీ కాల్చేస్తారు. కాల్చేశారు. ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని ముద్ద దిగక మీ అన్నయ్యకి అంతా చెప్పాను. తినే మనిషి చెయ్యి కడుక్కుని, గొడుగు కూడా తీసుకోకుండా వానలో బయటికి పోయారు. నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను. కాసేపటికి తడిసి ముద్దై వచ్చి, చొక్కా లోంచి సీసా తీసి బల్ల మీద పెట్టారు. వంకాయ రంగు! మూత మీద నీ రాతలోనే "గుంట".

నువ్వు పంపినవి నాలుగు, నేను లెక్కపెడితే మూడు. దారిలో పగిలిందేమో, చెబితే బాధపడతావని ఊరుకున్నాను. ఈ పెద్దమనిషి నేను కసిరిన రోజే దాన్ని జేబులో వేసుకుని షాపుకి పట్టుకుపోయారు. చిన్న చిన్న మరలు కనపడాలని పొద్దుటి నుంచి రాత్రి దాకా వెలిగే దీపం కింద, పటకార్ల పక్కన పెట్టుకున్నారు. మూత తియ్యలేదు. "చూడ్డానికి బాగుంది, తియ్యడమెందుకు" అంటున్నారు. గాలి లేదు, వెలుతురుంది. దానికి ఇంకేం కావాలి? నన్ను మోసం చేసినందుకు మీ అన్నయ్యని ఏమనాలో తెలియక నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

టపాని నమ్మను. ఆయన్నే పంపుతున్నాను, షాపుకి తాళం వేసి.

ఈసారి ఈస్ట్ చుక్క కూడా వద్దు. నీ దగ్గరా, నా దగ్గరా.

వదిన

*

లైట్ల గది
చలి మొదలైంది

వదినా,

అన్నయ్య వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి, "ఇదిగో నీ వంకాయ" అన్నాడు. నేను ఆ సీసాని లాక్కుని బల్బు కిందికి పరుగెత్తాను. అన్నయ్యేమో మా లైట్ల గదిలోకి వచ్చి, ఒక బల్బు మిణుకు మిణుకుమంటోందని హోల్డరు విప్పి బాగుచేసి, అన్నం తిని వెళ్ళిపోయాడు.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఈస్ట్ సంగతి, ఫినాలు సంగతి చెప్పాను. చాలాసేపు విన్నాడు. "గడియారాల షాపులో ఉంటే కల్తీది మంచిదైపోతుందా?" అన్నాడు. అనుకున్నదే. అందుకే ఆ సీసాలోంచి తీసి జెల్లో విడివిడిగా మొలిపించి, ఒక్క మొలక నుంచి మొత్తం పెంచాను. ఉప్పులు, మాలిక్ ఆమ్లం, నాలుగు విటమిన్లు, అంతే తిండి. నెమ్మదిగా పెరిగాయి గానీ రంగు మాత్రం ఇదివరకటి కన్నా చిక్కగా ఉంది. పాతదాన్నీ అలాగే పెంచాను.

ఫినాలు పొర పారబోయలేదు! ఫినాలుని మాత్రమే బయటికి వదిలే పలచని పొర సంచీలో కట్టి, అది పోయేదాకా పారే నీళ్ళలో ఉంచాను. నేలమాళిగంతా కంపు, పైవాళ్ళు వచ్చి తిట్టిపోయారు. చివరికి సంచీలో మిగిలినదాన్ని ఎండబెడితే తెల్లటి దూది పింజలాంటిది వచ్చింది. కొంచెం యాసిడ్‌లో కాచి కాగితం మీద పెట్టాను. పైన, కాగితం కొసన, ఆ చుక్క! తలకి నూనె మానేసి వారమైంది, అడిగితే చెప్పు. పాతదాని కోటు మాత్రం బుద్ధిగా నీళ్ళ పొరలోనే వచ్చింది, దాంట్లో ఆ చుక్క లేదు.

పెద్దాయన కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు. "కుందేళ్ళని అడుగుదామన్నాం కదా, వాటినే అడుగు" అన్నాడు. పంపుతున్నాను. నా సారం జెల్లో కదలదేమోనని కొంచెం క్షారంలో వేడి చేశాను, గొట్టం మీద రాశాను చూడు. ఇది కూడా కలిసిపోతే మాత్రం నేను మరి మాట్లాడను, మీడియా గదిలో గరిటె ఎక్కడుందో నాకు తెలుసు.

నీ మరదలు

*

పై అంతస్తు
చలికాలం చివర

చిట్టీ,

కొత్త కుందేళ్ళు, కొత్త సీరం. పలక తయారైంది. జెల్ని ఎండబెట్టి, గీతలకి నీలం రంగు పట్టించి, గాజు పలకతో సహా గుడ్డలో చుట్టి పంపుతున్నాను. ఎడమ గుంట నీది. కుడి గుంట పెద్దాయనది. కింద గుంటలో ఉత్తి మీడియా. మధ్యలో రెండు సీరమ్‌లూ కలిపినది.

నేను చూశాను. ఏముందో చెప్పను.

కోపం తెచ్చుకోకు. పోయినసారి నీ కళ్ళతో చూసిన చుక్క నీ సొరుగులో ఉండగానే, నేను గీతలు కలిశాయన్నానని సీసాలన్నీ ఉడికించేశావు. నా మాట మీద నీకు రెండో మాట లేదని రాశావు చూడు, అది చదివి నాకు ఎంత భయమేసిందో తెలుసా? వదినగా అది వింటే కడుపు నిండుతుంది. పని దగ్గర అది పనికిరాదు. నువ్వు ఎదురు తిరిగుంటే నేను ఆ సన్న గీత గురించి వారం ముందే ఆలోచించేదాన్ని. అందుకని ఈసారి చూసేది నువ్వు, చెప్పేది నువ్వు.

ఆ పాత రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని మా డైరెక్టరు గారికి రాసిచ్చాను. అందరి ముందూ అడిగారు, అందరి ముందూ చెప్పాను. సెక్షన్ బాధ్యత నాకు రావలసింది, ఈ ఏడు ఇంకొకరికి ఇచ్చారు. దీని మీద నువ్వు నాకు ఒక్క ముక్క రాసినా ఊరుకోను. ఇప్పుడు మా దగ్గర ప్రతి పలకలోనూ ఉత్తి మీడియాకి ఒక గుంట తవ్వుతున్నారు, నాకది చాలు.

గుడ్డ మెల్లగా విప్పు.

వదిన

*

లైట్ల గది
ఇవాళే

వదినా,

రాయొద్దన్నావు కాబట్టి ఆ సంగతి రాయను. ఇంటికొచ్చినప్పుడు నీ మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తాను, అది రాయడం కాదుగా.

పార్శిల్ వచ్చేసరికి గదిలో అందరూ ఉన్నారు. పెద్దాయన కూడా ఉన్నాడు. గుడ్డ విప్పి పలకని బల్బుకి అడ్డంగా పట్టుకున్నాను. ముందు ఏమీ కనపడలేదు. మోచేతులు బల్లకానించి మళ్ళీ చూశాను.

నా గుంట ముందు ఒక గీత. పెద్దాయన గుంట ముందు ఒక గీత. రెండూ మధ్యకి వచ్చాయి. నాది ఆయనదాన్ని దాటి అటు పోయింది, ఆయనది నాదాన్ని దాటి ఇటు వచ్చింది. కింద మీడియా గుంట దగ్గర గీత లేదు. తిప్పి చూశాను, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. భూతద్దం పెట్టి, అవి కలిసే చోటు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాను. ఎక్కడా కలవలేదు. నువ్వు చెప్పకపోవడం మంచిదైంది, వదినా. నువ్వు చెప్పుంటే ఇంతసేపు చూసేదాన్ని కాదు.

"ఏమంటుంది మీ వదిన?" అని వెనకాల నుంచి అడిగాడు పెద్దాయన.

"ఆవిడేమీ అనలేదండీ. నేనంటున్నాను. రెండూ వేరు. ఇది మీ పాతది కాదు."

ఆయన చెయ్యి చాచాడు. పలక ఇచ్చాను. కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గర, నా పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ ఆయన గదికి మనం వెళ్ళి నిలబడడమే గానీ ఆయన ఎవరి బల్ల దగ్గరా కూర్చోడు.

"ఆ చుక్క," అన్నాడు. "ఆ చక్కెర పేరేంటి?"

"తెలియదండీ."

"నాకూ తెలియదు" అన్నాడు పెద్దాయన. పలకని నా చేతిలో పెట్టి, "చెప్పు, ఎక్కణ్ణించి మొదలుపెడదాం?" అని అడిగాడు.

నీ మరదలు